ధ్రువపు ఎలుగుబంటి కొవ్వులో మన గమాక్సిన్

పోయిన నెల ఈ శీర్షికలో నెయ్యి కల్తీ గురించి రాస్తూ, ధ్రువపు ఎలుగుబంట్ల కొవ్వులో కూడా పురుగుమందులు దొరుకుతున్నాయని ఒక్క వాక్యం అన్నాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆ వాక్యం మీదే. పురుగుమందుల అవశేషాలు పరీక్షించే ల్యాబ్‌లో 26 ఏళ్ళు పనిచేసిన మనిషిని కాబట్టి, ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, అక్కడ పొలాలు లేవు, ఫ్యాక్టరీలు లేవు, మంచు తప్ప ఏమీ లేదు. ఎలుగుబంటి ఒంట్లోకి పురుగుమందు ఎలా వచ్చింది? మా సైన్స్ మాస్టారిని అడిగితే గాలికి వచ్చిందన్నారు. గాలికే వస్తే చల్లిన మన దగ్గర ఎక్కువ, అక్కడ తక్కువ ఉండాలి కదా?
– పదో తరగతి విద్యార్థిని, నరసరావుపేట

జవాబు: మీ మాస్టారు చెప్పింది నిజమే తల్లీ. నీ అనుమానం కూడా సరైనదే. గాలి సగం కథే చెబుతుంది.

మీ ఇంట్లో పట్టుచీరల బీరువా ఓసారి తీసి చూడు. మూలల్లో కలరా ఉండలు ఉంటాయి. వేసినప్పుడు గోళీకాయంత ఉన్న ఉండ ఏడాది తిరిగేసరికి శనగగింజంత అవుతుంది. ఎవరూ తీయలేదు, తడి తగల్లేదు. గట్టిగా ఉన్నదే నెమ్మదిగా ఆవిరై గాలిలో కలిసిపోయింది. పొలంలో చల్లిన బీహెచ్‌సీ (మనం గమాక్సిన్ అనే పొడి), డీడీటీ కూడా అంతే, కాకపోతే ఇంకా నెమ్మదిగా. ఎండకు నేల కాగినప్పుడు కొంచెం లేస్తాయి, గాలితో కొంతదూరం పోతాయి, చల్లదనం తగిలితే నేల మీదో నీళ్ళ మీదో దిగుతాయి. మళ్ళీ ఎండెక్కితే మళ్ళీ లేస్తాయి. శాస్త్రవేత్తలు దీన్ని మిడత గెంతులతో పోలుస్తారు. కెనడాలో ఫ్రాంక్ వానియా, డొనాల్డ్ మెకే 1990లలో ఈ ప్రయాణాన్ని లెక్కలు కట్టి చూపించారు. గెంతుకుంటూ గెంతుకుంటూ ధ్రువం దాకా చేరాక, మళ్ళీ లేవడానికి చాలినంత వేడి అక్కడ ఉండదు. చలికి సూక్ష్మజీవులు మందకొడిగా పనిచేస్తాయి. నెలల తరబడి సూర్యుడే కనపడడు. మన నేలలో ఎండకీ క్రిములకీ విరిగిపోయే మందు అక్కడ ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంటుంది.

ఇక రెండో సగం. ఆవకాయ కలిపిన మూడో రోజున జాడీ మూత తీస్తే ఏం కనిపిస్తుంది? పైన తేలిన నూనె ఎర్రగా నిగనిగలాడుతూ ఉంటుంది. కారంలోని ఎరుపు మామిడి ముక్క ఊరిన నీళ్ళలోకి పోదు, నూనెలోకే దిగుతుంది. ఆ ఎరుపు చేతికి అంటితే ఒట్టి నీళ్ళతో కడిగినా వదలదు. నేను చెప్పే రసాయనాల గుణం కూడా అచ్చం ఇదే. నీళ్ళలో నిలవవు, కొవ్వు దొరికితే అందులో చేరి కూర్చుంటాయి. ఒంట్లోకి వెళ్ళిన ఉప్పు మూత్రంలో పోతుంది, ఇవి పోవు.

ఇప్పుడు ఉత్తర ధ్రువ సముద్రంలో ఎవరు ఎవర్ని తింటారో చూడు. తేలే మంచు అడుగున నాచు అంటుకుని పెరుగుతుంది. దాన్ని బియ్యపుగింజంత రొయ్యజాతి జీవులు తింటాయి. వాటిని ఆర్కిటిక్ కాడ్ అనే చేప, చేపను సీల్, సీల్‌ను ఎలుగుబంటి తింటాయి. చేప తన బరువుకు ఎన్నో రెట్లు మేత తింటుంది. ఆ మేతలోని కొవ్వు ఒంట్లో ఖర్చయిపోతుంది, మందు మాత్రం ఖర్చు కాదు. మెట్టు మెట్టుకూ చిక్కబడుతుంది. సముద్రపు నీటిలో మా యంత్రాలకు కూడా అందీ అందనంత ఉన్నది, ఎలుగుబంటి కొవ్వు దగ్గరికి వచ్చేసరికి లక్షల రెట్లు, కొన్ని రసాయనాలైతే కోట్ల రెట్లు అవుతుంది. పైగా వేట బాగా దొరికిన రోజుల్లో ఎలుగుబంటి సీల్ చర్మాన్నీ దాని కిందున్న కొవ్వునూ మాత్రమే తిని, మాంసం నక్కలకు వదిలేస్తుంది. అంటే విషం ఎక్కడ చిక్కగా ఉందో ఏరి ఏరి అక్కడే తింటోంది.

ఇంకొక్క సంగతి చెప్పకుండా ఉండలేను. తల్లి ఎలుగుబంటి చలికాలంలో మంచు గుహలో ఈని, నెలల పాటు తిండి లేకుండా పిల్లలకు పాలిస్తుంది. తన కొవ్వు కరిగించుకునే బతుకుతుంది. కొవ్వు కరిగేకొద్దీ అందులో దాగినదంతా రక్తంలోకి, రక్తం నుంచి పాలలోకి వస్తుంది. మన గేదె పాలలో వెన్న నూటికి 7 పాళ్ళుంటే చిక్కటి పాలంటాం. ఎలుగుబంటి పాలలో అది నూటికి 30 పాళ్ళ దాకా ఉంటుంది. కళ్ళు తెరవని పిల్లకు తొలి తిండి అదే. నార్వేకు ఉత్తరాన ఉన్న స్వాల్బార్డ్ దీవుల్లోనూ కెనడాలోనూ కొన్ని ఎలుగుబంట్లకు టీకా వేసి, ఒంట్లో రోగాలతో పోరాడే ప్రతిరక్షకాలు ఎంత తయారయ్యాయో కొలిచారు. ఈ రసాయనాలు ఎక్కువున్న వాటిలో అవి తక్కువగా తయారయ్యాయి.

మీ మాస్టారికి ఈ ఆవకాయ మాట చెప్పు. క్లాసులో ఉపయోగపడుతుంది.

ప్రశ్న: అమ్మగారూ, మా నాన్న కాలంలో వరికి, చీమలకి, ఆఖరికి గాదెల చుట్టూ కూడా గమాక్సిన్ పొడి చల్లాం. చల్లమని చెప్పింది సర్కారు మనుషులే. ఇప్పుడు ఎక్కడి ఎలుగుబంటో చస్తే ఆ పాపం మా మీద వేస్తారా?
– ఒక రైతు, సూర్యాపేట జిల్లా

జవాబు: అన్నగారూ, పాపం మీది కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. మాది తెనాలి దగ్గర పల్లె. మా నాన్న కూడా చల్లారు. పాత పంచె ముక్కలో పొడి మూటగట్టి, కర్రకు కట్టి, వరి మడి గట్టు మీద నడుస్తూ తట్టేవారు. ఇంటికొచ్చాక ఆయన చొక్కా నుంచి ఒక రకం ముక్కవాసన వచ్చేది. మలేరియా వాళ్ళు వచ్చి గోడలకి డీడీటీ కొట్టి, తలుపు పక్కన సుద్దతో తేదీ రాసి వెళ్ళేవారు. మా అమ్మ కుండల మీద గుడ్డ కప్పడం తప్ప ఇంకేమీ చేసేది కాదు, అంతకు మించి ఎవరూ చెప్పలేదు. డీడీటీ గుణం కనిపెట్టిన పాల్ మ్యూలర్‌కు 1948లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ప్రపంచమంతా నెత్తిన పెట్టుకున్న మందును పల్లెటూరి రైతు అనుమానించలేదని ఎవరూ నిందించకూడదు.

అయితే మీకు ఎవరూ చెప్పని విషయం ఒకటుంది, అది నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. మీరు చల్లిన బీహెచ్‌సీలో పురుగును చంపేది గామా రకం, అంటే లిండేన్, ఒక్కటే. నూటికి 10, 15 పాళ్ళు. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం, అంటే నూటికి 60, 70 పాళ్ళు, ఆల్ఫా అనే తోబుట్టువు. అది పురుగు మీద పెద్దగా పనిచేయదు. వేరు చేయడానికి ఖర్చవుతుందని అన్నీ కలిపే అమ్మారు. మీరు డబ్బిచ్చి కొని చల్లినదాంట్లో సింహభాగం మీ పంటకు కాసింత ఉపకారం కూడా చేయకుండా గాలిలో కలిసింది.

ఆ ఆల్ఫా నాకు బాగా తెలుసు. ల్యాబ్‌లో నెయ్యి నమూనాలు వచ్చేవి. హెక్సేన్ అనే ద్రావకంలో కరిగించి, జిడ్డు వడకట్టి, ఒక్క చుక్కలో చిన్న భాగం యంత్రంలోకి ఎక్కిస్తే, కాసేపటికి కాగితం మీద పెన్ను కదిలి ముళ్ళలాంటి గీతలు గీసేది. వరసగా ఆల్ఫా, బీటా, గామా, డెల్టా. మొదట లేచేది ఆల్ఫా. 1957లో జేమ్స్ లవ్‌లాక్ తయారుచేసిన డిటెక్టర్ పుణ్యమా అని ఇంత చిన్న మోతాదులు కొలవగలుగుతున్నాం. నేను గుంటూరు నెయ్యిలో చూసిన అదే ముల్లు, ఉత్తర ధ్రువ సముద్రపు నీళ్ళు పరీక్షించినవాళ్ళ కాగితాల మీద కూడా లేచింది. ఆ సముద్రం చల్లన, ఆల్ఫాకు చల్లటి నీళ్ళంటే ఇష్టం. గాలిలో వచ్చినదంతా నీళ్ళలో చేరింది.

ప్రపంచం మొత్తం మీద బీహెచ్‌సీ దాదాపు కోటి టన్నులు వాడారని అంచనా. చైనా 1983లో ఆపేసింది. మన దేశం 1997లో పూర్తిగా నిషేధించింది. లిండేన్‌ను విడిగా అమ్ముతుండేవారు, అది కూడా 2013 నాటికి ఆగింది. చైనా ఆపిన తర్వాత ఒకసారి, మన వాడకం తగ్గిన తర్వాత ఒకసారి, ఉత్తర ధ్రువపు గాలిలో ఆల్ఫా స్పష్టంగా పడిపోయింది. ఇక్కడ మీ ఊరి పంపిణీ దుకాణంలో బస్తా రావడం ఆగితే అక్కడి గాలిలో అది కనిపించింది. నాకు ఈ లెక్క చూసినప్పుడల్లా ధైర్యం వస్తుంది. కానీ గాలి శుభ్రపడ్డాక సముద్రం తను దాచుకున్నదాన్ని తిరిగి పైకి వదలడం మొదలుపెట్టింది. బేరింగ్, చుక్చీ సముద్రాల దగ్గర 1990లలోనే ఆ మార్పును కొలిచారు. అసలు ఆగినా వడ్డీ ఇంకా నడుస్తోంది.

మీ షెడ్‌లో ఇప్పుడు క్లోర్‌పైరిఫాస్ సీసా ఉండే ఉంటుంది, చెదలకో పత్తికో. అది బీహెచ్‌సీ అంత మొండిది కాదు, అయినా ధ్రువాల మంచులో, సముద్రపు నీటిలో దాని జాడ దొరికింది. ఇలాంటి మొండి రసాయనాల మీద దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం కింద 2025లో జెనీవాలో జరిగిన సమావేశంలో దాన్ని కూడా నిషేధ జాబితాలో చేర్చారు, కొన్ని వాడకాలకు మినహాయింపులిచ్చారు. ఈసారి మీకు ముందే తెలియాలని రాస్తున్నాను.

ప్రశ్న: నాకు మూడు నెలల బాబు. మంచు ప్రాంతాల్లో ఉండే ఇన్యూట్ తల్లుల పాలలో విషం ఉందని చదివాక నాకు ఒకటే టెన్షన్. మాది కాకినాడ, చేపలు బాగా తింటాం. బాబుకి పాలు మాన్పించి డబ్బా పాలు పట్టమంటారా?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: వద్దమ్మా. మాన్పించకు. ఆ తల్లులకు కూడా డాక్టర్లు మానేయమని చెప్పలేదు. తల్లిపాలతో వచ్చే మేలు అంత పెద్దది.

నువ్వు చదివినదాని వెనక కథ చెబుతాను. 1980లలో కెనడాలోని క్యుబెక్‌లో ఎరిక్ దెవాయి అనే డాక్టరు తల్లిపాలలో పీసీబీలు ఎంత ఉన్నాయో చూస్తున్నాడు. పీసీబీలంటే ట్రాన్స్‌ఫార్మర్లలో, కెపాసిటర్లలో నూనెలా పోసిన రసాయనాలు. అమెరికాలో 1979లో తయారీ నిషేధించారు. మన దేశంలో 2016లో ఉత్తర్వు వచ్చింది, పాత సామాన్లలోది 2025 చివరికల్లా వదిలించుకోవాలని గడువు పెట్టారు. పట్నాల్లో ఉండే తల్లుల పాలతో పోల్చడానికి ఆయనకు ఏ మచ్చా లేని పాలు కావాల్సి వచ్చాయి. ఫ్యాక్టరీల పొగ సోకని నూనవిక్ అనే ఉత్తరపు కొస నుంచి ఇన్యూట్ తల్లుల పాలు తెప్పించాడు. తీరా చూస్తే వాటిలోనే అయిదు రెట్లు ఎక్కువ ఉన్నాయి. ఆ ల్యాబ్‌లో నేనుంటే యంత్రం చెడిపోయిందనుకుని, సీసాలన్నీ మళ్ళీ కడిగి మొదటి నుంచి చేసేదాన్ని.

కారణం తిండి. అక్కడ కూరగాయలు పండవు. విమానంలో వచ్చే క్యాబేజీ కొనాలంటే చేతినిండా డబ్బు కావాలి. తాతల నాటి నుంచి సీల్ కొవ్వు, బెలూగా తిమింగలం చర్మం, దాని కింది కొవ్వు వాళ్ళ అన్నం. ఆ ఇన్యూట్ మనిషి ఆహారపు మెట్లలో ఎలుగుబంటి పక్కనే కూర్చున్నట్టు. మీరు తినే పండుగప్ప, వంజరం, చందువ వేరు. వేటాడే జంతువును వేటాడే జంతువు కొవ్వును మీరు కిలోల లెక్కన తినడం లేదు.

ఆ తల్లుల తరఫున మాట్లాడినవారిలో షీలా వాట్ క్లూటియర్ అనే ఇన్యూట్ మహిళ ఉన్నారు, ఆవిడది నూనవిక్‌లోని కుజువాక్. 1999లో నైరోబీలో ఈ రసాయనాల మీద అంతర్జాతీయ చర్చలు జరుగుతుంటే, బిడ్డను ఎత్తుకున్న తల్లి రాతిబొమ్మ ఒకటి తెచ్చి ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ అధిపతి క్లాస్ టోప్ఫర్ చేతిలో పెట్టారు. ఆ తర్వాతి చర్చల్లో ఆ బొమ్మ అధ్యక్షుడి బల్ల మీద ఉంది. 2001లో స్టాక్‌హోమ్ ఒప్పందం కుదిరింది. మొదట 12 రసాయనాలు. ఉత్తర ధ్రువపు ప్రజల పేరు ఆ ఒప్పందం పీఠికలోనే ఉంది. మన దేశం 2006లో అందులో చేరింది. మలేరియా దోమల కోసం, కాలా అజార్ జ్వరాన్ని మోసే ఇసుక ఈగల కోసమని డీడీటీ వాడకాన్ని మాత్రం మనం అట్టేపెట్టుకున్నాం.

నువ్వు నిశ్చింతగా పాలివ్వమ్మా. చేప కూడా తిను. మరీ పెద్ద సొరచేప లాంటివి తగ్గిస్తే చాలు.

ప్రశ్న: మంచు కరిగిపోతోందంటున్నారు. దాంతో పాటు ఆ విషం కూడా కొట్టుకుపోతే మంచిదే కదండీ?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: మాస్టారూ, కొట్టుకుపోయి చేరేది సముద్రంలోకే. దక్షిణ ధ్రువంలో 1966 నాటికే అడేలీ పెంగ్విన్‌లలో డీడీటీ దొరికింది. ఆ తర్వాత ప్రపంచం డీడీటీ చాలావరకు మానేసింది కాబట్టి తగ్గాలి. 2008లో హైడీ గైస్ అనే శాస్త్రవేత్త బృందం చూస్తే అక్కడి అడేలీ పెంగ్విన్‌లలో అనుకున్నంతగా తగ్గలేదు. దశాబ్దాల కిందట మంచుతో పాటు పడి హిమానీనదాల్లో గడ్డకట్టుకున్న డీడీటీ, అవి కరిగేకొద్దీ ఏటా 1 నుంచి 4 కిలోల దాకా సముద్రంలోకి వస్తోందని వాళ్ళ అంచనా. కిలోలంటే తక్కువనిపిస్తుంది. పెంగ్విన్ తినే క్రిల్ అనే రొయ్యజాతి జీవి ఒక్కొక్కటి చిటికెన వేలంత ఉంటుందని గుర్తుంచుకుంటే తక్కువనిపించదు.

ప్రశ్న: మా అబ్బాయి నార్వేలో చదువుతున్నాడు. అక్కడ ఒక చెరువులో పక్షుల రెట్ట వల్లే విషం చేరిందని చెబితే నేను నమ్మలేదు. నిజమేనా?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: నిజమేనండీ. నార్వేకు చెందిన బ్యోర్నోయా అనే దీవిలో రెండు చెరువులున్నాయి, ఎల్లాషోయెన్, ఓయాంగెన్. ఒకే దీవి, ఒకే గాలి. మొదటిదాని మీద సముద్రపు పక్షులు గుంపులుగా వాలతాయి, రెండోదాని మీద వాలవు. మొదటి చెరువు చేపల్లోనే పీసీబీలు ఎన్నో రెట్లు ఎక్కువ. సముద్రంలో తిన్న చేపల విషాన్ని పక్షులు రెట్టగా మోసుకొచ్చి చెరువులో వేస్తున్నాయి. అదే దీవిలో 1970ల నుంచి గ్లాకస్ గల్ అనే పెద్ద సముద్రపు పక్షులు చచ్చి కనిపిస్తే, వాటి కాలేయంలో పీసీబీ, డీడీటీ కుటుంబపు రసాయనాలు బాగా దొరికాయి. ఆ పక్షి ఇతర పక్షుల గుడ్లు, పిల్లలు తిని బతుకుతుంది. మెట్లలో పై మెట్టు. అబ్బాయి మాట నమ్మండి.

ప్రశ్న: నాన్‌స్టిక్ పెనం రసాయనం కూడా ఎలుగుబంట్లలో ఉందట. పారేయాలా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: ఎలుగుబంట్లలో బాగా దొరికింది పీఫాస్ (PFOS) అనే రసాయనం. అది మరకలు అంటని తివాచీలలో, మంటలార్పే నురుగులో వాడారు. మీ పెనం పూత అది కాదు. ఆ పూత తయారీలో పీఫోవా (PFOA) అనే దాని చుట్టాన్ని వాడేవారు, దాన్ని 2019లో నిషేధ జాబితాలో చేర్చారు. ఇవి కొవ్వులో చేరవు, రక్తంలోని ప్రొటీన్లకూ కాలేయానికీ అంటుకుంటాయి. మాలాంటి వాళ్ళం దశాబ్దాల పాటు కొవ్వులోనే వెతికాం కాబట్టి మా కంట పడలేదు. 2001లో జాన్ గీసీ, కురుంతాచలం కన్నన్ అనే శాస్త్రవేత్తలు ప్రపంచం నలుమూలల జంతువుల్లో పీఫాస్ ఉందని చూపించారు, ధ్రువపు ఎలుగుబంట్లలో కూడా. తయారీ తగ్గించాక తూర్పు గ్రీన్‌లాండ్ ఎలుగుబంట్లలో 2006 ప్రాంతం దాకా పెరిగి, తర్వాత దిగడం మొదలైంది. మా ఇంట్లో దోసెలకు మా అత్తగారి ఇనప పెనమే వాడుతున్నాను.

ప్రశ్న: ఇల్లు సర్దుతుంటే అటక మీద మా మామగారి నాటి గమాక్సిన్ డబ్బా దొరికింది. సగం పొడి ఉంది. కాల్చేయమంటారా, కాలవలో పోయమంటారా?
– ఒక గృహిణి, నంద్యాల జిల్లా

జవాబు: రెండూ వద్దు. కాలిస్తే డయాక్సిన్లు అనే విషాలు పుడతాయి, అవి అంతకంటే మొండివి. కాలవలో పోస్తే ఏమవుతుందో పైన చదివారు. పాతసామాన్లవాడికి డబ్బా ఇవ్వొద్దు, పొడి వేరే దాంట్లోకి వంచొద్దు.

గాలి లేని వేళ చూసుకుని చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు పెట్టుకోండి. డబ్బాను కదిలించే ముందు అడుగు చూడండి. తుప్పు పట్టి ఊడేలా ఉంటే ముందు కిందకి ఒక రేకు పళ్ళెం జరపండి. పళ్ళెంతో సహా మందపాటి పాలిథీన్ సంచిలో పెట్టి కట్టి, ఆ సంచిని మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ములో పెట్టండి. డ్రమ్ము మీద పెద్ద అక్షరాలతో విషం అని రాయండి. వంటిల్లు, ధాన్యం, గొడ్ల కొట్టం మూడింటికీ దూరంగా ఉంచి, మండల వ్యవసాయాధికారికి కాగితం మీద రాసివ్వండి, ఒక ప్రతి మీద సంతకం తీసుకోండి. విశాఖ దగ్గర పరవాడలో ప్రమాదకర వ్యర్థాల కేంద్రం ఉంది, అక్కడికి పంపే ఏర్పాటు చేయమని ఆ కాగితంలోనే అడగండి. అటక తుడిచిన తడిగుడ్డ కూడా అదే సంచిలో వేయండి. ఆ పూట పిల్లల్ని అమ్మమ్మగారింటికి పంపించండి.